సమాధానం మార్చడం నుంచి సమయం పట్టుకోవడం దాకా: మాడ్‌చిప్‌ల సాంకేతిక చిక్కులు

(ఎంబెడెడ్ వ్యవస్థలు చదివే విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

గేమ్ కన్సోల్‌లో మాడ్‌చిప్, అంటే దాని రక్షణను దాటవేయడానికి బోర్డుకు అతికించే చిన్న చిప్, బిగించడం అనగానే చాలామందికి తోచేది సోల్డరింగ్ పని. సన్నటి వైర్లు, మైక్రోస్కోపు, వణకని చెయ్యి ఉంటే సరిపోతుందనుకుంటారు. ఆ పని కష్టమే, దాని గురించీ కాసేపట్లో చెబుతాను. అయితే ముప్ఫై ఏళ్లుగా ఈ చిప్‌లు మారుతూ వచ్చిన తీరును వరుసగా పరిశీలిస్తే అసలు కష్టం మరోచోట ఉందని తెలుస్తుంది. తొలినాటి చిప్ కన్సోల్ అడిగే ప్రశ్నకు దొంగ సమాధానం చెప్పేది. తరువాతి తరం చిప్ కన్సోల్ చదవబోయే ఫర్మ్‌వేర్‌కు, అంటే పరికరంలోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్‌కు, బదులు మరో ఫర్మ్‌వేర్‌ను అందించేది. ఇటీవలి చిప్‌కు ముఖ్యమైన పని వేరు: ప్రాసెసర్ రెండు విలువలను పోల్చి చూసుకునే క్షణాన్ని కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణంలోనే దాన్ని తడబడేలా చేయడం. ఏ డేటా అందించాలన్న సమస్య కాస్తా ఎప్పుడు కదలాలన్న సమస్యగా మారింది. ఆ మార్పు ఎందుకు వచ్చిందో, దానివల్ల పని ఎంత జటిలమైందో వివరించడమే నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. మాడ్‌చిప్ ఫర్మ్‌వేర్‌ను మారుస్తుందని వాడుకలో అంటుంటాం గానీ, చాలా చిప్‌లు కన్సోల్ బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లో ఒక్క బైటును కూడా చెరపవు. కరెంటు ఇవ్వగానే ప్రాసెసర్ మొదట తన లోపలే చెక్కి ఉన్న బూట్ రోమ్‌ను నడుపుతుంది. అది బయటి ఫ్లాష్ మెమరీలోని తరువాతి అంచె కోడును చదివి, దాని హ్యాష్‌నో (కోడు నుంచి లెక్కగట్టిన చిన్న ముద్ర) డిజిటల్ సంతకాన్నో పరీక్షించి, సరిగా ఉందని తేలితేనే అధికారాన్ని దానికి అప్పగిస్తుంది. ఆ అంచె దాని తరువాతి అంచెను ఇదే విధంగా పరీక్షిస్తుంది. ఈ వరుసలో చివర వచ్చేదే మనం తెర మీద చూసే మెనూ. మొదటి అంచె సిలికాన్‌లో ఉంటుంది కనుక దాన్ని తిరగరాయడం ఎవరి తరమూ కాదు, తయారీదారుకు కూడా. కాబట్టి బయటి నుంచి చొరబడే వాడికి మిగిలేవి అంచెల నడుమ ఉండే అప్పగింతలు మాత్రమే. ఇప్పటివరకూ వచ్చిన ప్రతి మాడ్‌చిప్ అలాంటి ఏదో ఒక అప్పగింత దగ్గరే కాపు కాసింది.

1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన తొలి ప్లేస్టేషన్‌లో ఈ వరుస చాలా పొట్టిది. అసలైన డిస్కు మొదట్లో, డేటా మొదలయ్యే ముందరి ప్రాంతంలో, గాడిని కావాలనే కొద్దిగా అటూ ఇటూ వంకరలు తిప్పి అచ్చు వేసేవారు. లేజర్‌ను గాడి మీద నిలిపి ఉంచే సర్వో వలయం ఆ వంకరలను పసిగడుతుంది, వాటిలో నాలుగు అక్షరాల మాట ఒకటి దాగి ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు ఎస్, సీ, ఈ. నాలుగోది జపాన్‌కు ఐ, అమెరికాకు ఏ, ఐరోపాకు ఈ. అంటే నకలు డిస్కును ఆపడం, ఒక ప్రాంతపు గేమ్ మరో ప్రాంతంలో ఆడకుండా చేయడం అనే రెండు పనులనూ ఒకే మాట చేసేది. మామూలు రాసే సీడీ మీద దీన్ని సృష్టించలేం. ఎందుకంటే ఖాళీ సీడీలో గాడి ముందే ఉంటుంది. రైటర్ ఆ గాడి వెంట నడవగలదే గానీ గాడిని వంచలేదు. డిస్కులోని ప్రతి బిట్టునూ నకలు చేసినా ఈ నాలుగు అక్షరాలు నకలు కావు, ఎందుకంటే అవి అసలు బిట్ల రూపంలోనే లేవు.

రక్షణ ఆలోచన ఎంతో తెలివైనదే, కానీ అది నెగ్గుకొచ్చింది డిస్కు మీద మాత్రమే. చదివిన మాట డ్రైవ్ నుంచి దాన్ని నియంత్రించే చిన్న ప్రాసెసర్‌కు చేరేది ఒక్క తీగ మీదుగా, సెకనుకు కేవలం 250 బిట్ల వేగంతో, ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా. ఒక్కో బిట్టుకు నాలుగు మిల్లీసెకన్లు. ఎనిమిది కాళ్ల పిక్ మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్‌లో ఇమిడే చిన్న కంప్యూటర్), అందులో 512 ఆదేశాలకు మాత్రమే చోటున్న రకం కూడా, ఆ తీగ మీద అదే మాటను పదే పదే వల్లించడానికి సరిపోయింది. సాంకేతికంగా చూస్తే ఇక్కడ కష్టమంతా ఆ తీగ ఏదో కనుక్కోవడంలోనే ఉంది. కనుక్కున్నాక మిగిలింది పసిపిల్లల పని.

తయారీదారులు ఊరుకోలేదు. 1990ల చివర వచ్చిన కొన్ని గేమ్‌లు బూట్ అయిపోయాక మళ్లీ డ్రైవ్‌ను ఆ మాట కోసం వెతకమనేవి, అదీ ఆ మాట వినబడకూడని సందర్భంలో. నిజమైన డిస్కు మౌనంగా ఉండవలసిన చోట కూడా చిప్ వల్లిస్తూనే ఉంటుంది గనుక పట్టుబడిపోయేది. దీనికి జవాబుగా వచ్చిన గుప్త చిప్‌లు బూట్ అవుతున్నంతసేపు మాట్లాడి, ఆ తరువాత తీగను వదిలేసి నోరు మూసుకునేవి. సమాధానంతో పాటు దాని సమయమూ ముఖ్యమేనన్న సంగతి మాడ్‌చిప్ చరిత్రలో తొలిసారి ఇక్కడే కనిపిస్తుంది.

ప్రసంగం దారి తప్పకుండానే ఒక కోర్టు తీర్పును ప్రస్తావిస్తాను, ఎందుకంటే అది నేను ఇప్పుడు చెప్పిన వంకర గాడి మీదే నడిచింది. 2005లో ఆస్ట్రేలియా హైకోర్టు ఈ పరీక్ష డిస్కును నకలు చేయడాన్ని ఆపడం లేదని, నకలు చేసిన తరువాత ఆడటాన్ని మాత్రమే ఆపుతోందని, కాబట్టి నాటి చట్టంలోని నిర్వచనం ప్రకారం అది సాంకేతిక రక్షణ కిందకు రాదని తేల్చింది. ఇంజనీరు ఇచ్చే వివరణ లాంటి తీర్పు అది. మరుసటి ఏడాదే అక్కడ చట్టాన్ని సవరించారు. ఇవాళ చాలా దేశాల్లో ఇలాంటి రక్షణను దాటవేసే పరికరాలు అమ్మడం నేరమే. 2022లో అమెరికాలో నింటెండో స్విచ్ కన్సోల్ చిప్‌ల వ్యాపారంతో సంబంధమున్న ఒక వ్యక్తికి 40 నెలల జైలుశిక్ష పడింది. నకలు గేమ్‌ల వ్యాపారాన్ని నేను సమర్థించను. ఈ పరికరాల లోపలి పనితీరు తెలుసుకోవడం మాత్రం భద్రతను నిర్మించబోయే మీలాంటివారికి అవసరమని నమ్ముతాను.

రెండో ప్లేస్టేషన్ కాలానికి చిప్ చేయవలసిన పని పెరిగింది. డ్రైవ్ తీగతో పాటు, కన్సోల్ మొదట చదివే ఫర్మ్‌వేర్ ఉండే బయాస్ చిప్ డేటా లైన్ల మీద కూడా అది కూర్చోవలసి వచ్చింది. ప్రాసెసర్ బయాస్‌ను చదువుతుండగా చిప్ ఆ ప్రవాహాన్ని గమనిస్తూ, ఫలానా వరుస బైట్లు వచ్చాయని గుర్తించగానే, ఆ తరువాతి కొన్ని బైట్ల స్థానంలో తన బైట్లను నెట్టేది. బయాస్ చిప్‌లో ఏమీ మారదు, కానీ ప్రాసెసర్ చదివింది వేరు. ఒక లైను మీద ఒక చిప్ ఒకటి అంటుంటే మరో చిప్ సున్నా అంటుంది. ఎవరి డ్రైవర్ బలమైనదైతే వారి మాట నెగ్గుతుంది. వైర్ల సంఖ్య ఇరవై దాటిన నమూనాలు ఎన్నో ఉండేవి. వాటిలో ఒక్క కీలు వదులైనా కన్సోల్ ఒకసారి లేచి మరోసారి లేవదు. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ఇలాంటి లోపాన్ని వెతకడం కన్నా విసుగు పుట్టించే పని ఈ రంగంలో మరొకటి లేదు.

ఫర్మ్‌వేర్‌నే పూర్తిగా మార్చి అందించే పద్ధతికి సరైన ఉదాహరణ 2001లో వచ్చిన తొలి ఎక్స్‌బాక్స్. ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే దాని సౌత్‌బ్రిడ్జ్ చిప్ లోపల 512 బైట్ల రహస్య బూట్ రోమ్ ఉండేది. బోర్డు మీది ఫ్లాష్‌లో ఉన్న తరువాతి అంచె కోడును అది ఆర్‌సీ4 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో విప్పి, చివర ఉన్న కొద్ది బైట్లు తను ఆశించినట్టు ఉన్నాయో లేదో చూసి, ఉంటే ముందుకు పోనిచ్చేది. ఆ 512 బైట్లు బయటికి కనిపించే మెమరీలో ఎక్కడా ఉండవు. అయితే అవి సౌత్‌బ్రిడ్జ్ నుంచి ప్రాసెసర్ దాకా ప్రయాణించక తప్పదు. ఆ దారిలో ఒక భాగం హైపర్‌ట్రాన్స్‌పోర్ట్ బస్, అంటే చిప్‌ల మధ్య డేటా మోసే తీగల వరుస. ఎనిమిది బిట్ల వెడల్పు, 200 మెగాహెర్ట్జ్ గడియారం, గడియారపు రెండు అంచుల మీదా డేటా, వెరసి సెకనుకు 400 మెగాబైట్లు. ఆ వేగాన్ని ఎవరూ అందుకోలేరన్న ధీమాతోనే దాన్ని ఎన్‌క్రిప్షన్ లేకుండా వదిలేశారు. 2002లో అప్పటికి ఎంఐటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ హువాంగ్ సొంతంగా ఒక చిన్న బోర్డు తయారుచేసి, దాన్ని ఆ బస్ తీగల మీదే అతికించి, ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూటును మనకు కావలసినట్టు అమర్చుకోగల చిప్) సాయంతో ఆ బైట్లను పట్టుకున్నారు. వాటిలో ఉన్న ఎన్‌క్రిప్షన్ తాళంచెవి బయటపడింది.

తాళంచెవి దొరికాక రూపకల్పనలోని మరో లోపం కూడా తేటతెల్లమైంది. ఆర్‌సీ4 ప్రతి బైటునూ విడివిడిగా విప్పుతుంది, ఒక బైటు మారినందువల్ల తరువాతి బైట్లు మారవు. కాబట్టి చివరి బైట్లను అలాగే ఉంచి మధ్యలో ఏం మార్చినా పరీక్ష నెగ్గుతుంది. తప్పు తెలుసుకుని తరువాతి బోర్డులలో టీఈఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని హ్యాష్‌గా వాడారు. ఆ పద్ధతిలో తాళంచెవిలోని రెండు 32 బిట్ల భాగాల పై చివరి బిట్లను జంటగా తిప్పితే ఫలితం మారదని క్రిప్టోగ్రఫీ నిపుణులు అప్పటికే ప్రచురించి ఉన్నారు. హ్యాష్‌గా వాడేటప్పుడు మన కోడే తాళంచెవి స్థానంలోకి వస్తుంది కాబట్టి, ఆ జంట బిట్లు తిప్పిన కోడు కూడా అసలు కోడుగానే చలామణీ అయిపోతుంది.

అదే రోమ్‌లో ఇంకో వింత ఉంది. పరీక్ష విఫలమైతే రోమ్ తనను తాను మూసేసుకుని ప్రాసెసర్‌ను నిలిపివేయాలి. తనను మూసుకున్నాక ఇక నడవడానికి కోడు ఉండదు కనుక, ఆఖరి ఆదేశాన్ని సరిగ్గా నాలుగు గిగాబైట్ల చిరునామా పరిధి చిట్టచివర పెట్టారు. ఆ తరువాత చిరునామా పరిధి దాటిపోతుంది, ప్రాసెసర్ లోపం ప్రకటించి ఆగిపోతుందని లెక్క. తొలి నమూనాలలో ఉన్న ఏఎండీ ప్రాసెసర్ అలాగే ఆగేది. అమ్మకానికి వచ్చిన కన్సోల్‌లో ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్. అది ఆగకుండా చిరునామా సున్నాకు చుట్టి వచ్చి అక్కడి నుంచి నడవసాగింది. చిరునామా సున్నా దగ్గర ఉండేది మామూలు ర్యామ్, అందులో ఏం రాయాలో అంతకు ముందే ఫ్లాష్ ద్వారా చెప్పవచ్చు. విఫలమైతే ఆగిపోవాలన్న ఏర్పాటే లోపలికి దారి అయింది. ఒక చిప్ మీద పరీక్షించిన ఊహను మరో చిప్‌కు అంటగడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మాడ్‌చిప్ చేయవలసిన పని తేలికైంది. తయారీలో పరీక్షల కోసం బోర్డు మీద ఎల్‌పీసీ అనే నెమ్మది బస్ రంధ్రాలను వదిలేశారు. లోపలి ఫ్లాష్ డేటా లైను ఒకదాన్ని భూమికి కలిపితే కన్సోల్ ఫ్లాష్ పాడైందనుకుని ఎల్‌పీసీ వైపు చూస్తుంది. అక్కడ చిప్ తన ఫర్మ్‌వేర్‌తో సిద్ధంగా ఉంటుంది. తొలి చిప్‌లకు ముప్ఫై దాకా వైర్లు అవసరమైతే, ఈ మార్గం దొరికాక సోల్డరింగ్ దాదాపు లేకుండానే స్ప్రింగు సూదులతో నిలబడే చిప్‌లు వచ్చాయి.

2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 వచ్చేసరికి ఈ దారులన్నీ మూసుకుపోయాయి. బూట్ రోమ్ ప్రాసెసర్ లోపలికి వెళ్లిపోయింది, బస్ మీద దాన్ని వినడం కుదరదు. తరువాతి అంచె మీద ఆర్‌ఎస్ఏ అనే గణిత పద్ధతిలో చేసిన డిజిటల్ సంతకం ఉంటుంది. మిగతా సాఫ్ట్‌వేర్ అంతటినీ అదుపులో ఉంచే హైపర్‌వైజర్ మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసి, అది మారలేదని హార్డ్‌వేరే నిరంతరం చూస్తుంటుంది. ప్రాసెసర్ లోపల 768 ఎలక్ట్రానిక్ ఫ్యూజులున్నాయి. ఒకసారి కాల్చిన ఫ్యూజు మళ్లీ అతుక్కోదు. కొన్ని ఫ్యూజులలో ఆ ఒక్క కన్సోల్‌కే చెందిన తాళంచెవి ఉంటుంది, మరికొన్ని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు కాలుతూ పాత వెర్షన్‌కు వెనక్కి పోనివ్వకుండా చూస్తాయి. అంటే ఫ్లాష్‌లో ఏం రాసినా, బస్ మీద ఏం నెట్టినా పరీక్ష పట్టేస్తుంది. సమాధానం మార్చే యుగం అక్కడితో ముగిసింది.

2011లో బయటపడిన రీసెట్ గ్లిచ్ (గ్లిచ్ అంటే కావాలని కలిగించే క్షణకాలపు తడబాటు) పద్ధతి ఈ గోడను మరో వైపు నుంచి చూసింది. ఆర్‌ఎస్ఏను ఎవరూ ఛేదించలేదు. గణితం ఎంత గట్టిదైనా, రెండు హ్యాష్‌లు సమానమా కాదా అని చివర తేల్చేది మామూలు పోలిక కోడే. బైటు బైటు చూసుకుంటూ పోయి తేడా ఉంటే ఒకటి, లేకుంటే సున్నా తెచ్చే పది పదిహేను ఆదేశాల తంతు. ఆ తంతు జరుగుతున్నప్పుడు ప్రాసెసర్‌కు అతి చిన్న రీసెట్ పల్స్ ఇస్తే అది పూర్తిగా రీసెట్ కాదు, కానీ లోపలి కొన్ని రిజిస్టర్లు అస్తవ్యస్తమవుతాయి. తేడా ఉన్నా తేడా లేదన్న ఫలితం రావడానికి అది చాలు. ఏకాగ్రతగా నోట్లు లెక్కపెడుతున్న మనిషి చెవి దగ్గర సరిగ్గా ఆఖరి నోటు వేళ చప్పట్లు కొట్టడం లాంటిదిది. ముందు కొడితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాడు, తరువాత కొడితే లెక్క అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఆ సమయాన్ని కనిపెట్టడం ఎలాగన్నదే అసలు ప్రశ్న. ప్రాసెసర్ వేగం 3.2 గిగాహెర్ట్జ్, ఒక్కో చక్రం నానోసెకనులో మూడో వంతు కన్నా తక్కువ. చవక చిప్‌తో ఆ వేగాన్ని వెంబడించడం అసాధ్యం. ఇక్కడ రెండు విషయాలు కలిసివచ్చాయి. మొదటిది, పెద్ద బోర్డులున్న తొలి నమూనాలలో ప్రాసెసర్ గడియారాన్ని దాటవేసే ఒక పరీక్ష లైను ఉంది. దాన్ని లాగితే ప్రాసెసర్ వందకు పైగా రెట్లు నెమ్మదిస్తుంది. రెండోది పోస్ట్ సంకేతాలు. బూట్ ఏ దశలో ఉందో మరమ్మతు చేసేవారికి తెలియడానికి ప్రాసెసర్ ఎనిమిది లైన్ల మీద ఒక సంఖ్యను చూపిస్తూ పోతుంది. హ్యాష్ పోలిక మొదలయ్యే దశకూ ఒక సంఖ్య ఉంది. ఇంటిగుట్టు లంకకు చేటన్నట్టు, తయారీదారు తన సౌకర్యం కోసం పెట్టుకున్న ఆ సూచికే బయటివాడికి గడియారమైంది.

క్రమం ఇలా సాగుతుంది. చిప్ పోస్ట్ లైన్లను చూస్తూ ఉంటుంది. పోలికకు కాస్త ముందరి దశ కనిపించగానే ప్రాసెసర్‌ను నెమ్మదింపజేస్తుంది. పోలిక దశ సంఖ్య కనిపించగానే 48 మెగాహెర్ట్జ్ గడియారంతో లెక్క మొదలుపెడుతుంది. ఆ దశ మొత్తం వ్యవధిలో దాదాపు 62 శాతం గడిచిన చోట రీసెట్ లైను మీద 100 నానోసెకన్ల పల్స్ ఇస్తుంది. చిప్ గడియారంలో అది ఐదు టిక్కులు మాత్రమే. కొంతసేపు ఆగి ప్రాసెసర్‌ను మళ్లీ మామూలు వేగానికి వదులుతుంది. అదృష్టం బాగుంటే పోస్ట్ లైన్ల మీద లోపం సంఖ్యకు బదులు తరువాతి దశ సంఖ్య కనిపిస్తుంది, సంతకం లేని కోడు నడవడం మొదలవుతుంది.

అదృష్టం అన్న మాటను ఊరకనే వాడలేదు. గ్లిచ్ ప్రతిసారీ తగలదు. తగలనప్పుడు కన్సోల్ తనంతట తానే మళ్లీ ప్రారంభించుకోవాలి. అయితే వ్యవస్థను నడిపించే చిన్న నియంత్రకం ఐదుసార్లు మాత్రమే ప్రయత్నించి ఎర్రదీపం వెలిగించి ఆపేస్తుంది. అందుకని దాని ఫర్మ్‌వేర్‌ను మార్చి, నెగ్గేదాకా ఆపకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా చేశారు. చాలా కన్సోల్‌లు అరనిమిషంలోపే లేస్తాయి, కొన్ని నిమిషాల తరబడి మొండికేస్తాయి. ఈ ఒక్క పద్ధతిలో మూడు రకాల పనులు కలిసి ఉన్నాయని గమనించండి: ఫ్లాష్‌లో రాసిన సొంత బూట్ కోడు, తిరగరాసిన నియంత్రక ఫర్మ్‌వేర్, సమయం చూసి పల్స్ ఇచ్చే చిప్. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ వృథా.

సన్నపాటి నమూనాలలో గడియారం దాటవేసే లైను దొరకలేదు. అక్కడ చిప్ ఐ స్క్వేర్డ్ సీ అనే రెండు తీగల బస్ మీదుగా గడియారాన్ని పుట్టించే చిప్‌కు ఆదేశం పంపి వేగాన్ని తగ్గించవలసి వచ్చింది, తగ్గేది కొన్ని రెట్లు మాత్రమే. ప్రాసెసర్ వేగం ఎక్కువైన కొద్దీ పల్స్ స్థానంలో సహించగల తేడా తగ్గుతుంది. అందుకే ఒక బోర్డు మీద చక్కగా పనిచేసిన చిప్ అదే నమూనాకు చెందిన మరో బోర్డు మీద తడబడేది. పనివారు రీసెట్ వైరును చుట్టలుగా చుట్టి, దాని పొడవు మార్చి మార్చి చూసేవారు. వైరు పొడవు వల్ల కలిగే ఆలస్యం పది సెంటీమీటర్లకు అర నానోసెకను మాత్రమే, అది లెక్కలోకి రాదు. మారేది పల్స్ ఆకారం. వైరు ఇండక్టెన్సు, కెపాసిటెన్సు కలిసి పల్స్ అంచులను గుండ్రం చేస్తాయి, తరువాత చిన్న చిన్న అలలు లేపుతాయి. ప్రాసెసర్ ఏ వోల్టేజి దగ్గర రీసెట్‌ను గుర్తిస్తుందో ఆ గీతను పల్స్ ఎంతసేపు దాటి ఉందన్నది దాంతో మారిపోతుంది. అనుభవంతో వైరు మెలితిప్పిన మనిషి తెలియకుండానే ఒక ఫిల్టరును సరిచేస్తున్నాడన్నమాట.

సరైన స్థానాన్ని వెతకడం గురించి కొద్దిగా లెక్క చూద్దాం. పల్స్ ఎప్పుడు మొదలవ్వాలన్న దానికి వెయ్యి విలువలు, ఎంతసేపు ఉండాలన్న దానికి పది విలువలు అనుకుంటే పదివేల జంటలవుతాయి. ఒక్కో ప్రయత్నానికి ఒక సెకను పట్టినా అన్నిటినీ ఒక్కసారి చూడటానికి మూడు గంటలకు దగ్గరవుతుంది. సరైన జంట దగ్గర కూడా పదింట ఒకసారే తగులుతుందనుకుంటే ప్రతి జంటనూ చాలాసార్లు ప్రయత్నించాలి. పైగా సిలికాన్ వేడెక్కితే లోపలి ఆలస్యాలు మారతాయి, చల్లగా ఉన్నప్పుడు దొరికిన విలువ అరగంట ఆడాక పనిచేయకపోవచ్చు. అందుకే ఇటీవలి చిప్‌లు తామే వెతికి, తగిలిన విలువలను గుర్తుపెట్టుకుని, తరువాతి సారి వాటి చుట్టుపక్కల నుంచే మొదలుపెడతాయి.

2017లో వచ్చిన నింటెండో స్విచ్ కథ ఇక్కడి నుంచి కొనసాగుతుంది. మొదట దానికి చిప్ అవసరమే రాలేదు. అందులోని టెగ్రా ఎక్స్1 బూట్ రోమ్‌లో యూఎస్‌బీ ద్వారా మరమ్మతు చేసే విధానం ఒకటి ఉంది. ఆ కోడు ఒక మామూలు స్థితి విచారణకు జవాబిస్తూ, అవతలివాడు అడిగిన పొడవును సరిచూడకుండా 65,535 బైట్ల వరకూ నకలు చేసేస్తుంది. స్టాక్ అనే తాత్కాలిక మెమరీ నిండి పొంగి, అవతలివాడి కోడు నడుస్తుంది. ఈ లోపం 2018 ఏప్రిల్‌లో బహిరంగమైంది. బూట్ రోమ్‌లోని లోపం కనుక అప్పటికే అమ్మిన వాటికి ఏ అప్‌డేటుతోనూ మందు లేదు. ఆ తరువాత తయారైన వాటిని కర్మాగారంలోనే సరిదిద్దారు. సరిదిద్దిన వాటి కోసమే చిప్‌లు మళ్లీ రంగంలోకి దిగాయి.

ఈసారి పద్ధతి వోల్టేజి గ్లిచ్. చిప్ నుంచి వచ్చే ఒక మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు ప్రాసెసర్‌కు కరెంటు అందించే లైనును కొద్ది క్షణం పాటు భూమికి కలుపుతుంది. వోల్టేజి పడిపోయిన ఆ వ్యవధిలో లోపలి సంకేతాలు తమ గమ్యాన్ని గడియారపు అంచులోగా చేరలేవు, ఒక ఆదేశం తప్పుగా నడుస్తుంది లేదా నడవకుండానే పోతుంది. ఎక్కువసేపు కలిపితే ప్రాసెసర్ పూర్తిగా ఆగిపోతుంది, తక్కువసేపు కలిపితే పక్కనున్న కెపాసిటర్లు ఆ లోటును పూడ్చేస్తాయి. సమయం చూసుకోవడానికి ఇక్కడ పోస్ట్ లైన్లు లేవు. అందుకని చిప్ ఈఎంఎంసీ నిల్వ చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య నడిచే సంభాషణను వింటుంది. బూట్ సమాచారం ఉన్న బ్లాకు చదవడం పూర్తయిందంటే కాసేపట్లో దాని మీద పరీక్ష జరుగుతుందని అర్థం. రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2021లో విడుదల చేసిన ఆర్‌పీ2040 లాంటి చవక మైక్రోకంట్రోలర్ ఈ పనికి సరిపోవడానికి ఒక కారణముంది. అందులో ప్రధాన కోర్‌లతో సంబంధం లేకుండా పిన్నులను చక్రం చక్రానికీ కదిలించగల చిన్న స్థితి యంత్రాలున్నాయి. అంతకు ముందు ఎఫ్‌పీజీఏ కావలసిన చోట ఇది చాలింది.

సోల్డరింగ్ గురించి చెబుతానన్నాను. స్విచ్‌లో ప్రాసెసర్ పక్కనుండే కెపాసిటర్ల మీద సన్నటి ఫ్లెక్స్ కేబుల్‌ను అతికించాలి. ఆ కెపాసిటర్ల కింద ఉన్నది బోర్డులోని పెద్ద రాగి పొర. వేడంతా అది లాగేసుకుంటుంది కాబట్టి ఐరన్ సరిపోయినట్టు కనిపించినా లోపల టిన్ను కరగదు. పైకి మెరుస్తూ, కింద అతుక్కోని కీలు అలా ఏర్పడుతుంది. ఇంకా క్లిష్టమైనది ఈఎంఎంసీ మొదటి డేటా లైను. కొన్ని నమూనాలలో అది చిప్ కిందనున్న బంతి టిన్ను దగ్గర తప్ప మరెక్కడా అందదు. పల్చటి రేకు లాంటి అడాప్టరును చిప్ అంచు కిందుగా దూర్చి ఆ బంతిని తాకేలా చేయాలి, లేదా చిప్‌ను వేడి గాలితో లేపి మళ్లీ కూర్చోబెట్టాలి. దూర్చిన రేకు రవాణాలో వెంట్రుక వాసి జరిగినా కన్సోల్ లేవదు. చిప్‌ను లేపితే మెమరీలోని సమాచారానికే ప్రమాదం. నా ఉద్దేశంలో నేర్పరి అన్నవాడు మల్టీమీటరుతో మొదలుపెడతాడు. ఒక్కో బిందువు నుంచి భూమికి డయోడు విలువ ముందే రాసిపెట్టుకుని, అతికించాక మళ్లీ కొలిచి, తేడా వస్తే కరెంటు ఇవ్వడు.

లోపలికి ప్రవేశించాక ఫర్మ్‌వేర్ బాధ్యత మొదలవుతుంది. అధికారిక అప్‌డేటు వచ్చిందంటే బూట్ భాగాలు తిరగరాయబడతాయి, ఫ్యూజులు కాలుతాయి, చిప్ ఆశించిన సమయాలు మారిపోవచ్చు. నిల్వలోని చాలా భాగం ఆ ఒక్క కన్సోల్ తాళంచెవులతోనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కనుక మరో కన్సోల్ నకలు తెచ్చి నింపడం కుదరదు. మొదటి పని మొత్తం నిల్వకు నకలు తీసుకోవడమే. ఆ తరువాత కూడా తెలివైన మార్గం అసలు ఫర్మ్‌వేర్‌ను ముట్టుకోకుండా మెమరీ కార్డు మీద దాని ప్రతిరూపాన్ని నడపడం. మార్పులన్నీ మెమరీలో, బూట్ సమయంలో మాత్రమే జరుగుతాయి. ఏదైనా తేడా వస్తే కార్డు తీసేస్తే సరి.

రక్షణ వైపు వారు ఏం చేస్తున్నారన్నది మీకు మరింత ఉపయోగం. పోలిక ఫలితాన్ని సున్నా, ఒకటిగా ఉంచకుండా, చాలా బిట్లు మారితే తప్ప ఒకదాని నుంచి మరొకదానికి పోలేని పెద్ద స్థిరాంకాలుగా ఉంచుతారు. అదే పరీక్షను రెండు మూడు చోట్ల, వేర్వేరు కోడుతో మళ్లీ చేస్తారు. మధ్యలో యాదృచ్ఛిక నిరీక్షణ పెడతారు. ఇందాకటి పదివేల జంటల లెక్కలో సరైన స్థానం ప్రతిసారీ వెయ్యి చోట్లలో ఎక్కడికో జరుగుతుంటే, వరుసగా రెండు పరీక్షలను తప్పించవలసిన వాడి పని కూడిక నుంచి గుణకారంలోకి పోతుంది. గడియారాన్ని సిలికాన్ లోపలే పుట్టిస్తారు, బయటి నుంచి నెమ్మదింపజేసే లైన్లను అమ్మకానికి వెళ్లే నమూనాలలో ఫ్యూజుతో మూసేస్తారు. 2013 నాటి ఎక్స్‌బాక్స్ వన్ రూపకర్తలు కన్సోల్ యజమానినే ప్రత్యర్థిగా భావించి, ప్రధాన చిప్ సిలికాన్‌ను తప్ప బోర్డు మీద దేన్నీ నమ్మకుండా రూపకల్పన చేశామని బహిరంగంగా చెప్పారు.

వోల్టేజి పడిపోవడాన్ని కనిపెట్టే సెన్సర్లను చిప్ లోపల పెట్టడం అన్నిటికన్నా నేరైన జవాబుగా కనిపిస్తుంది. కానీ ఆ సెన్సర్ ఏ గీత దగ్గర మేల్కోవాలో నిర్ణయించడం తేలిక కాదు. గేమ్‌లో పెద్ద దృశ్యం రాగానే ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, వోల్టేజి సహజంగానే కాస్త కుంగుతుంది. ఏళ్లు గడిచాక కెపాసిటర్లు బలహీనపడి ఆ కుంగుబాటు ఇంకా పెరుగుతుంది. సెన్సర్ మరీ సున్నితమైతే ఏ పాపమూ ఎరుగని యజమాని కన్సోల్ ఆట మధ్యలో రీసెట్ అవుతుంది. మరీ మొద్దుబారినదైతే కొన్ని నానోసెకన్ల గ్లిచ్ దాని కన్నుగప్పి పోతుంది. బూట్ అవుతున్న కొద్ది సెకన్లలో ప్రాసెసర్ మీద భారం తక్కువగా, ముందే తెలిసినదిగా ఉంటుంది కాబట్టి, ఆ వ్యవధిలో మాత్రమే గీతను బిగించి, మెనూ వచ్చాక సడలించవచ్చు. అయితే ఆ సడలింపు ఆదేశాన్ని ఇచ్చేది కూడా ఒక కోడే, దానికీ ఒక క్షణం ఉంటుంది.